ఒక గేదె పట్టేంత దారి

గేదెకి బొమ్మ తెలియదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ ఎండాకాలం మా పెత్తనం గోడమీది ఏటిని చూసి నిజం ఏరనుకుని మోసపోయిందని ఊరూరా చెప్పుకుని నవ్వుకున్నారు. దాన్ని దూడప్పటి నుంచీ ఎరిగినదాన్ని కాబట్టి చెబుతున్నా, అది మోసపోయే రకం కాదు. మోసపోవడానికి మా ఇంట్లో వేరే మనుషులున్నారు.

పెత్తనం అంటే మా పెద్ద గేదె. ఎడమ కొమ్ము చెవి మీదకి వంగి ఉండేది. కొట్టంలో ముందు దానికే కుడితి పెట్టాలి, ముందు దాని పాలే పితకాలి. లేకపోతే మిగతావి కూడా పాలు చేపకుండా బిగదన్ని నిలబడేవి. నాయనమ్మ దానికా పేరు పెట్టి, "ఈ ఇంట్లో నా తర్వాత పెత్తనం దీనిదే" అనేది. "అయితే నా వంతు ఈ జన్మకి రాదన్నమాట" అనేది అమ్మ పాలచెంబు కడుగుతూ.

గేదెకి ఎండ పడదు. ఆ నల్లటి తోలుకి చెమట సరిగా పట్టదు. పొద్దెక్కాక ముక్కు దాకా నీళ్ళలో మునిగి పడుకుంటేనే సాయంత్రం పొదుగులో పాలుంటాయి. అందుకని మధ్యాహ్నం పలుపులు విప్పగానే మా గేదెలు వాటంతటవే వీధి చివరికి నడిచి ఏటిబాట దిగిపోయేవి. తోలే మనిషి అక్కర్లేదు. ముందు పెత్తనం, దాని తోక వెనక ఇంకోటి, దాని తోక వెనక ఇంకోటి. చల్లబడ్డాక అదే వరసన తిరిగొచ్చేవి. ఆ బాట ఎవరిదని ఎవరూ ఎన్నడూ అడగలేదు. గేదెలు అసలే అడగలేదు.

నేను డిగ్రీ పరీక్షలు రాసి, ఫలితాల కోసం చూస్తూ ఇంట్లో ఉన్నప్పుడు వచ్చారు వాళ్ళిద్దరూ. ఒకాయన నెత్తిన నీలం టోపీ, దాని మీద కంపెనీ గుర్తు. సీసాల్లో నీళ్ళు నింపి అమ్మే కంపెనీ అది. ఏటి ఒడ్డున మెరకంతా వాళ్ళు కొన్నారని అప్పటికే విన్నాం. ఆయన వెనక ఒక అమ్మాయి, నాకన్నా కొంచెం పెద్దది. గోళ్ళ సందుల్లో రంగు, జుట్టులో రంగు, చెప్పుల మీద కూడా రంగు.

"మీ వీధికో పెద్ద బొమ్మ వేయిద్దామని," అన్నాడు టోపీ ఆయన, మా అరుగు మీద కూర్చుని. "ఏరు బొమ్మ. నీటి విలువ జనానికి తెలియాలి కదండీ. ఖర్చంతా కంపెనీదే. మీరు పైసా పెట్టక్కర్లేదు."

"ఎక్కడ వేస్తారు?" అన్నాడు నాన్న.

"ఆ చివర. గోడ మీద."

"అక్కడ గోడ లేదుగా సారూ?"

"కట్టిస్తాం."

నాయనమ్మ గుమ్మంలోంచి తల బయటపెట్టింది. "బొమ్మ కోసం గోడా? మా పడమటి గోడ రెండు వానాకాలాల కిందట పడిపోయింది, ఇవాళ్టికీ గోనెపట్టాయే దిక్కు. బొమ్మగా పుట్టినా బాగుండేది నాయనా."

అందరం నవ్వాం. టోపీ ఆయన అందరికన్నా గట్టిగా నవ్వాడు. నాన్న మాత్రం సగంలో ఆపేసి, "అటు గేదెలు పోవాలి సారూ, నీళ్ళకి," అన్నాడు.

"ఎందుకు పోవు? దారి వదిలే కడతాం. ఎంత వదలమంటారో మీరే చెప్పండి. ఈ వీధికి పెద్దమనిషి మీరేనన్నారు."

ఆ మాట ఎవరన్నారో మాకు ఇప్పటికీ తెలియదు. నాన్న పాలు పోసే మనిషి. గుమ్మాల ముందు నిలబడి "పాలు" అని కేకేస్తే చెయ్యి మాత్రం గిన్నెతో బయటికొచ్చేది, మొహం కూడా కనబడేది కాదు. అట్లాంటి మనిషిని ఎంత వదలమంటారు అని అడిగినవాడు అంతకుముందు లేడు. వెంటనే లేచి కొట్టంలోకెళ్ళి పెత్తనాన్ని విప్పుకొచ్చాడు.

మా పనిలో సందు కొలవడానికి టేపు పట్టరు. మందలో అన్నిటికన్నా పెద్దదాన్ని తెచ్చి నిలబెట్టి, అటు జానెడు, ఇటు జానెడు వదులుతారు. కొట్టం గుమ్మమైనా, దొడ్డి తడికైనా అదే లెక్క. నాన్న పెత్తనాన్ని వీధి చివర నిలబెట్టి, అటూ ఇటూ జాన పెట్టి, చేతికర్రతో నేల మీద రెండు గీతలు గీశాడు.

"ఇంత చాలు సారూ."

టోపీ ఆయన ఆ గీతల్ని ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. "ఇంతే కదా? తర్వాత ఎక్కువ కావాలనకూడదు మరి."

"మాటంటే మాటే," అన్నాడు నాన్న.

ఆ సాయంత్రం పాలు పితుకుతూ అమ్మ అంది. "రెండు గేదెలు పక్కపక్కన పట్టేంత అడక్కపోయావా?"

"అవెప్పుడన్నా పక్కపక్కన నడిచాయటే? వరసగానే కదా పోతాయి."

"పశువులు వరసన పోతాయి. మనిషివి నువ్వు, నోరు తెరిచి అడగొచ్చుగా."

"అక్కర్లేనిది అడిగితే ఆశపోతులనుకోరూ?"

పెత్తనం తోకతో అమ్మ చెంప మీద ఒకటిచ్చింది.

* * *

గోడ లేచింది. రెండు నిలువుల ఎత్తు, వీధికి ఈ అంచు నుంచి ఆ అంచుకి. మధ్యలో నాన్న గీసిన గీతల మేరకి సందు. అంతవరకూ మా అరుగు మీద కూర్చుంటే వీధి చివర ఏరు కత్తిమొనలా తళతళమనేది. అది పోయిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. మర్నాటికల్లా గోడంతా తెల్లరంగు పూసి, బొగ్గుగీతలు మొదలయ్యాయి. అందరం ఆ గీతలే చూశాం.

ఆ అమ్మాయిని మేం బొమ్మలమ్మాయి అనేవాళ్ళం. మా ఇంట్లోనే తినేది, మా కొట్టంలోనే రంగు డబ్బాలు పెట్టుకునేది. మంచిది కాదంటే నోరు పోతుంది. పొద్దున్నే నాయనమ్మకి గోడ దగ్గర ముక్కాలిపీట వేసి, నెత్తిన గొడుగు పట్టించి కూర్చోబెట్టేది.

"చెప్పు మామ్మా, ఈ వంపు తర్వాత ఏముంటుంది?"

"నల్లరాయి. దాని ఇవతల మోకాలి లోతే. అవతలకి అడుగేశావో, పీకల్దాకా. పెత్తనం తల్లి అక్కడే ఈనింది, నీళ్ళలోనే. దూడ నేల కన్నా ముందు నీళ్ళు తొక్కింది."

ఆ అమ్మాయి నల్లరాయి వేసింది. మోకాలి లోతు వేసింది. నీళ్ళలో తల ఒక్కటే కనబడే గేదెల్ని వేసింది, ఒడ్డున కేరింతలు కొట్టే పిల్లల్ని వేసింది. ఎంత సరిగ్గా వేసిందంటే, ఏట్లో ఎక్కడ కాలు పెట్టకూడదో ఆ బొమ్మ చూసి చెప్పొచ్చు. ఒక్క నీళ్ళ రంగు దగ్గరే పేచీ వచ్చింది.

"ఇదేంటే, నీలం కొడుతున్నావు? మా ఏరు వానలకి ఎర్రన, ఎండలకి పచ్చన. నీలంగా ఎప్పుడుంది?"

"తెలుసు మామ్మా. కంపెనీ నీలం ఒకటుంది. డబ్బాలు వాళ్ళే పంపారు. అదే వేయాలి."

"అయితే ఏటి నెత్తిన వాళ్ళ టోపీ పెడుతున్నావన్నమాట."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక నిచ్చెన దిగి, కింద చతికిలబడింది. తర్వాత ఎవరూ చూడనప్పుడు నల్లరాయి చుట్టూ కొంచెం పచ్చదనం కలిపింది. టోపీ ఆయన కనిపెట్టలేదు. ఆయన ఏరు చూసి ఉంటే కదా.

పని చేసుకుంటూ నాతో చెప్పేది, తన చిన్నప్పుడు ఇంట్లో కుళాయి ఎప్పుడొస్తుందా అని వాళ్ళమ్మ నిద్రపోకుండా కూర్చునేదట. "ఈ బొమ్మ చూసి ఒక్క మనిషి ఆలోచించినా చాలు," అనేది. పైకి అనే మాట కాదు అది, లోపల్నుంచే వచ్చేది. నాకూ ఒక కుంచె ఇచ్చింది. గోడ పైభాగాన మనిషంత అక్షరాల్లో 'నీరు అందరిదీ' అని రాయాలి. అందులో చివరి అక్షరం నేనే నింపాను. నాన్న పాలక్యాను దించి, ఎండలో నిలబడి అది పూర్తయ్యేదాకా చూసి, "గట్టిగా రాశావు," అన్నాడు.

గేదెలు మాత్రం తమ దారిన తాము సందులోంచి పోయొస్తున్నాయి. గేదె ఒంటికి దురద జాస్తి. గోడ అంచు దొరికితే ఒరుసుకోకుండా పోదు. ఒకరోజు పెత్తనం తీరిగ్గా ఒళ్ళు రుద్దుకుంటూ పోయేసరికి, సందు పక్కన వేసిన పిల్లల మొహాలు ముగ్గురివి కలిసిపోయి ఒకటయ్యాయి. పెత్తనం పక్కటెముకల మీద వాళ్ళ చొక్కాల రంగులు అంటుకున్నాయి.

బొమ్మలమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఉండనివ్వండి, నాకన్నా బాగా పులిమింది," అంది.

టోపీ ఆయన నవ్వలేదు. నాన్నని పక్కకి పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్దాయనా, రంగు గట్టిపడేదాకా సందుకో చిన్న తలుపు పెడదాం. మధ్యాహ్నం మా మనిషే తీస్తాడు, మీ గేదెలు పోగానే వేస్తాడు. ప్రారంభానికి పైనుంచి పెద్దవాళ్ళొస్తున్నారు. ఇలా పులిమేస్తుంటే ఈ అమ్మాయి కష్టమే కదా మట్టిపాలయ్యేది?"

నాన్న నిచ్చెన వైపు చూశాడు. బొమ్మలమ్మాయి చెడిపోయిన మొహాల్ని మళ్ళీ మొదట్నుంచి గీస్తోంది. చేత్తో పని చేసేవాళ్ళ పని పాడవడం నాన్న చూడలేడు. ఎవరైనా పాలు ఒలకబోస్తే, అవి తనవి కాకపోయినా, ఒక్క క్షణం కళ్ళు మూసుకునే మనిషి.

"పెట్టండి," అన్నాడు.

ఇనుప రేకు తలుపు, ఒక్కటే రెక్క. తెచ్చి నిలబెడితే కొలిచి చేయించినట్టు సరిపోయింది. కొలిచి చేయించిందే కదా. టోపీ ఆయన చెబితే బొమ్మలమ్మాయి ఆ రేకు మీద కూడా నీళ్ళు వేసింది, అటు అలలూ ఇటు అలలూ కలిపేసింది. మూసి ఉంటే అక్కడ తలుపుందని దగ్గరికెళ్ళి తడిమితే తప్ప తెలియదు.

* * *

ప్రారంభం రోజున వీధి పట్టనన్ని కార్లు. నాన్నకి ముందు వరసలో కుర్చీ వేసి, నెత్తిన నీలం టోపీ పెట్టారు. అది ఆయనకి చెవుల దాకా దిగింది. కంపెనీ పెద్దాయన మైకులో మాట్లాడాడు. గొంతు చాలా మెత్తన. "ఈ ఏరు మాది కాదు, మీది. మేం కాపలావాళ్ళం మాత్రమే," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాన్నా కొట్టాడు. తలా ఒక నీళ్ళసీసా పంచారు.

ఆ సందడికి పొద్దుట్నుంచీ తలుపు తీయలేదు. కొట్టంలో గేదెలు గుంజలకి మెడలు లాగుతూ అరుస్తున్నాయి. ఆఖరి కారు కదిలేదాకా ఆగి నాన్న తలుపు దగ్గరి మనిషి దగ్గరికెళ్ళాడు.

"తియ్యి బాబూ. పొద్దు వాలిపోతోంది."

"ఇవాళ వద్దన్నారు."

మర్నాడు "సారుని అడగాలి" అన్నాడు. ఆ మర్నాడు "సారు పైవాళ్ళని అడగాలట" అన్నాడు. ఆ తర్వాత గోడ అవతల మోటారు చప్పుడు మొదలైంది. మొదలయ్యాక ఇక రాత్రీ పగలూ ఆగలేదు. తలుపుకి చిన్న తాళం పోయి పెద్ద తాళం వచ్చింది.

టోపీ ఆయన ఒకరోజు దొరికాడు. నేనూ నాన్న పక్కనే ఉన్నా.

"దారి వదులుతామన్నారు సారూ."

"వదిలాం కదండీ? మీరు గీసిన గీతకి వేలెడైనా తగ్గించామా? ఫోటో నా దగ్గరుంది, చూపించనా?"

"దారి ఉంది. తలుపే..."

"తలుపు మీ మంచికే. లోపల పెద్ద పెద్ద మోటార్లు, కరెంటు. రేపు మీ గేదెకేమన్నా అయితే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది చెప్పండి?"

పాపం మాటెత్తితే నాన్న ఎప్పుడూ వెనక్కే తగ్గుతాడు. "గోడ మీదేమో అందరిదీ అని రాశారు కదండీ," అన్నాను నేను. టోపీ ఆయన నన్ను చూసి ముద్దుగా నవ్వాడు. "చదువుకున్న పిల్లవి. అది సందేశం అమ్మా. సందేశం వేరు, ఆపరేషను వేరు."

ఒడ్డంతా వంతెన దాకా కంచె వేశారు. నాన్న ఒకరోజు గేదెల్ని రోడ్డు మీదుగా వంతెన చుట్టూ తిప్పి తీసుకెళ్ళాలని చూశాడు. కాలే తారు, లారీల హారన్లు. సగం దూరంలో పెత్తనం నిలబడిపోయింది. అది నిలబడితే మిగతావి నిలబడతాయి. వెనక లారీల వాళ్ళు మా వంశంలో ఎవర్నీ వదలకుండా తిట్టారు. నాన్న వాటిని తోలుకుని వెనక్కొచ్చేశాడు.

అప్పట్నుంచి బకెట్లు. కుళాయి వచ్చిన రోజు కుళాయి నీళ్ళు, రాని రోజు కొన్న నీళ్ళు. ట్యాంకరు వచ్చి మా కొట్టం ముందు ఆగేది, నీలం రంగు ట్యాంకరు. ఏ నీళ్ళో అడగనక్కర్లేదు, తొట్టిలో పోస్తుంటే నాచు వాసన మాకు తెలిసిన వాసనే.

"పాలల్లో నీళ్ళు కలిపేవాళ్ళని చూశాం," అంది అమ్మ. "నీళ్ళలో పాలు పోసుకునేవాళ్ళం మనమే. వచ్చిన పాలన్నీ ఆ నీళ్ళలోకే పోతున్నాయి."

బకెట్టుతో పోస్తే గేదె ఒళ్ళు తడుస్తుంది, కడుపులో వేడి దిగదు. నాలుకలు బయటపెట్టి రొప్పేవి. వీపుల మీద తోలు పగిలి, నూనె రాస్తే పొట్టులా చేతికొచ్చేది. ముందు చిన్నవి ఒట్టిపోయాయి. పెత్తనం మొండిది, దూడ మూతి పెట్టగానే కాసిని చేపేది. ఖాతా ఇళ్ళు ఒక్కొక్కటీ పాకెట్టు పాలకి మారాయి. "మీ పాలు బాగుంటాయి గానీ, రోజూ వస్తాయన్న నమ్మకం లేదుగా," అన్నదొకావిడ. ఆ రోజు మొహం చూపించే అంది.

* * *

అది ఎండలు ముదిరిన రోజు. అన్నాలు తిని ఎవరికి వాళ్ళం నేల మీద ఒరిగాం. కొట్టంలో ఏదో తెగిన చప్పుడైతే లేచి చూశాను. పెత్తనం గుంజ దగ్గర లేదు, పలుపు ముక్క వేలాడుతోంది. మిగతావాటిని అమ్మ దాణాకని విప్పి ఉంచింది. అవీ లేవు.

వీధి చివర ఉన్నాయి. పెత్తనం గోడకి నుదురు ఆనించి నిలబడింది. దాని తోక వెనక ఇంకోటి, దాని తోక వెనక ఇంకోటి. ఒక్కటీ అరవడం లేదు. వరస తప్పడం లేదు. మోటారు చప్పుడు, దాంతోపాటే గోడ సందుల్లోంచి తడినేల వాసన. నాకే తెలిసిందంటే ఇక వాటికి తెలియదా.

ఇంకో మాట చెప్పాలి. అంత పెద్ద గోడ. ఈ చివర నుంచి ఆ చివరకి నీళ్ళే. నల్లరాయి దగ్గర లోతైన నీళ్ళు, చూస్తేనే దిగాలనిపించేంత చల్లగా వేసింది ఆ అమ్మాయి. పెత్తనం అక్కడ నిలబడలేదు. అలల్లో అలలా కలిసిపోయిన రేకు తలుపు దగ్గర, సరిగ్గా తాళం ఉన్న చోట నిలబడింది.

ఇది ఎవరూ చూడలేదు. ఎందుకంటే అప్పటికే అక్కడ ఒక బస్సు ఆగి ఉంది. బొమ్మ చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారప్పుడు. టోపీ ఆయన వాళ్ళని వెంటబెట్టుకుని తిప్పుతున్నాడు.

"అయ్యో పాపం, నిజం నీళ్ళనుకుంది!"

"అమాయకపు జంతువులండీ. బొమ్మంటే అదీ! గేదెల చేత కూడా ఔననిపించింది."

ఫోన్లన్నీ పైకి లేచాయి. వాళ్ళలో ఒకడి దగ్గర పెద్ద కెమెరా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసుకుని, అటు జరిగీ ఇటు జరిగీ చూస్తున్నాడు.

నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో కొత్త పలుపు. గబగబా పెత్తనం మెడ దగ్గరికెళ్ళాడు.

"పెద్దాయనా, ఒక్క నిమిషం," అన్నాడు కెమెరా అతను, చాలా మర్యాదగా. "కొంచెం పక్కకి జరుగుతారా? ఫోటోలో పడుతున్నారు."

నాన్న అతని వైపు చూశాడు. తర్వాత పెత్తనం వైపు చూశాడు.

జరిగాడు.

గోడ వారగా, పలుపు రెండు చేతుల్లో పట్టుకుని, వాళ్ళు చాలన్నదాకా నిలబడ్డాడు. చాలన్నాక పెత్తనానికి పలుపు వేసి ఇంటికి నడిపించుకొచ్చాడు. అది వెంటనే కదల్లేదు. నాన్న గదమాయించలేదు, కొట్టలేదు. దాని చెవిలో ఏదో అన్నాడు, నాకు వినబడలేదు.

సాయంత్రం అమ్మ పాలు పితుకుతుంటే కొట్టం గుమ్మంలో నిలబడి, "పశువుల బేరగాడికి కబురు పంపు," అన్నాడు.

అమ్మ తల తిప్పలేదు. "అన్నిటికా?"

"వరసలో ఒకటి పోయాక మిగతావి ఉంటాయా?"

చెంబులో ధార పడుతూనే ఉంది, అడుగున టంగు టంగుమంటూ. నిండే చెంబు అట్లా మోగదు.

* * *

ఫోటో ఎక్కడెక్కడికో పోయిందట. బొమ్మలమ్మాయి దాన్ని చూసే పరిగెత్తుకొచ్చింది. గోడ దగ్గర ఆగకుండా నేరుగా మా ఇంటికొచ్చి, కొట్టంలో వీపులు పగిలిన గేదెల్ని చూసి, గుంజ పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపూ దొంగేడుపు కాదు.

"నాకు తెలియదు పిన్నీ. రంగు ఆరేదాకే అన్నారు. వాళ్ళకి ఫోన్ చేసి అడిగాను, గొడవపెట్టాను. నా పేరు ఆ గోడ మీద ఉండనివ్వను. ఇప్పుడే పోయి చెరిపేస్తాను."

"చెరిపేస్తే దారొస్తుందా?" అంది అమ్మ.

ఆ అమ్మాయి గుంజ వదిలి కళ్ళు తుడుచుకుంది.

"రానప్పుడు ఉండనీ. ఎవరో ఒకరు చేశారని తెలుస్తుంది కదా."

"నేను అబద్ధం వేయలేదు పిన్నీ. ఒట్టు."

"వేశావని ఎవరన్నారే పిచ్చిదానా?" అంది నాయనమ్మ మంచం మీంచి. "ఉన్నదున్నట్టే దించావు, రాయితో సహా. అసలుది ఏదని ఎవరూ అడక్కుండా." తిట్టినట్టయిందనుకుందో ఏమో, గొంతు తగ్గించింది. "ఇంతకీ ఇప్పుడెక్కడ వేస్తున్నావు బొమ్మలు?"

"చెట్లు వేస్తున్నా మామ్మా."

"ఎవరికి?"

బొమ్మలమ్మాయి గోళ్ళలో రంగు చూసుకుంది. "రోడ్లు వేసే కంపెనీకి."

"చెట్లు కొట్టేశారా, ఇంకా కొట్టాలా?"

అమ్మ కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ అమ్మాయి కూడా నవ్వబోయి, పాపం, మధ్యలో మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక లేచింది. అమ్మ గ్లాసుతో పాలిస్తే పట్టుకుని నిలబడింది, తాగలేకపోయింది. అరుగు మీద పెట్టేసి వెళ్ళిపోయింది. కొట్టంలో మిగిలిపోయిన తన రంగు డబ్బాలు అడగలేదు. మేమూ గుర్తు చేయలేదు.

బేరగాడు ఎండెక్కకముందే వచ్చాడు. మనిషి మంచివాడే. పెత్తనం పొదుగు నొక్కి చూసి, పళ్ళు చూసి, వంగిన కొమ్ము పట్టుకుని ఊపి, "పాలకైతే పనికిరాదు బావా," అన్నాడు నాన్నతో. దేనికి పనికొస్తుందో అతను చెప్పలేదు, నాన్న అడగలేదు. బండి వీధి మొదట్లో ఆగింది. మిగతావి పెత్తనం వెనక పోయే అలవాటు కదా, అందుకని దాన్నే ముందు నడిపించమన్నాడు. గుమ్మం దాటగానే అది ఏటి వైపుకి తిరిగింది. నాన్న మెడ మీద చెయ్యి వేసి ఇటు తిప్పాడు. తిరిగింది. బండి చెక్క ఎక్కింది. మిగతావి ఒకదాని తోక వెనక ఒకటి, ఏ గొడవా లేకుండా ఎక్కేశాయి.

నా ఫలితాలు ఆ వారమే వచ్చాయి. పాసయ్యాను. ఆ మాట ఇంట్లో ఎవరికి చెప్పాలో తెలియక పక్కింటివాళ్ళకి ముందు చెప్పాను.

* * *

పని లేని మనిషి ఇంట్లో ఎన్నాళ్ళని కూర్చుంటాడు? తొలకరి పడకముందే టోపీ ఆయన మళ్ళీ వచ్చాడు. తలుపు దగ్గరి మనిషి మానేశాడట. నమ్మకమైన వాళ్ళు కావాలట. "స్థానికులకే ఇవ్వాలని మా నియమం," అన్నాడు. నాన్న రెండు రోజులు ఆలోచించాడు. మూడోరోజు ప్రారంభం నాటి టోపీని దులిపి పెట్టుకుని వెళ్ళాడు.

అట్లా ఆ తాళంచెవి చివరికి మా ఇంటికే వచ్చింది. నాన్న దాన్ని నడుముకి కట్టుకుని పడుకునేవాడు. కట్టుకున్న తాడు పెత్తనం తెంపుకున్న పలుపు ముక్కే, గుంజకి మిగిలిపోయింది.

వానలు మొదలైన రోజున డ్యూటీ దిగి తడుస్తూ వచ్చాడు. చేతిలో నీళ్ళసీసా. రోజుకొకటి ఇస్తారు పనివాళ్ళకి. నాయనమ్మ మందు వేసుకోవాలంటే ఆ సీసానే చేతికిచ్చాడు. నాయనమ్మకి చూపు అంతంతమాత్రం. మూత తిప్పబోతూ ఆగింది. సీసాని దీపం దగ్గరికి జరిపి, కళ్ళకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుంది. బొటనవేలితో సీసా చుట్టూ అంటించిన కాగితాన్ని అటూ ఇటూ రుద్దింది.

"ఈ కొమ్ము మనదానిదేనటే?" అంది నాతో.

తీసుకుని చూశాను. నీలం నీళ్ళు. నీళ్ళకి నుదురు ఆనించిన గేదె, ఎడమ కొమ్ము చెవి మీదకి వంగి. పైన నేను నింపిన అక్షరం ఒక్కటే, అదీ సగం ముక్కే పడింది. నాన్న లేడు, పక్కకి జరిగాడు కదా.

"అవును నాయనమ్మా."

నాయనమ్మ సీసా వెనక్కి తీసుకుంది. మూత తీయలేదు. నాన్న గుమ్మంలో చొక్కా పిండుకుంటున్నాడు. ఆయన వంగినప్పుడల్లా నడుము దగ్గర తాళంచెవి చప్పుడవుతోంది.

"ఒరే," అంది నాయనమ్మ, ఆయన వైపు తిరిగి. కోపంగా కాదు, మామూలుగా, కుడితి పెట్టావా అని అడిగినట్టే అడిగింది.

"ఫోటోలు తీసుకున్నాక, ఆ పూట దానికి కాసిని నీళ్ళు పెట్టారట్రా వాళ్ళు?"